కామారెడ్డిలో ఒక బెత్తె, ఎల్లారెడ్డిలో ఒక రేకు

కామారెడ్డికి ఊరు చూడటానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. నేనూ అందుకు వెళ్ళలేదు. ఒక ఆట పెట్టె పట్టుకుని వెళ్ళాను. ఆ ఆటను తయారుచేసింది మా తమ్ముడు మురళి. పోయిన వేసవిలో చనిపోయాడు.

మురళి మచిలీపట్నంలో మునిసిపల్ ఆఫీసులో పటాలు గీసేవాడు. సాయంత్రాలు నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడేవాడు. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద నీలం దారంతో ఒక ఏరు, అగ్గిపుల్లలతో ఒక వంతెన, అట్టముక్కలతో నాలుగు ఇళ్ళ ఊరు పెట్టేవాడు. సిపాయిలు బియ్యపు గింజంత ఉంటారు. పదిమందిని ఒక పట్టీ మీద అంటిస్తే ఒక దళం. భూతద్దం కింద ఒక పక్షానికి నీలం కోట్లు, ఇంకో పక్షానికి ఎర్ర కోట్లు వేసేవాడు. ఇలాంటి ఆటల పుస్తకాలు విదేశాల నుంచి తెప్పించుకునేవాడు గానీ, అవి దిండ్లంత ఉంటాయని విసుక్కునేవాడు. తువ్వాలంత గుడ్డ మీద, ఎవరైనా కూర్చుని ఒక పూటలో ముగించగలిగే ఆట ఒకటి తెలుగులో ఉండాలని వాడి కోరిక. ఎనిమిది పేజీల నియమాలు రాశాడు. పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఈ ఆటగాళ్ళలో ఆ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. ఆట రాసినవాళ్ళకు బాగా తెలియని మనుషులకు పెట్టె ఇచ్చి ఆడమంటారు. రాసినవాళ్ళు పక్కన కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. ఆడేవాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నా, కొట్టుకున్నా సరే. చివరిదాకా పుస్తకమే మాట్లాడాలి. మురళి ఇతరుల ఆటలను పరీక్షించేటప్పుడు కూడా మాట జారకుండా పంటి కింద లవంగం పెట్టుకునేవాడు.

నేను నాకొక షరతు పెట్టుకున్నాను. రెండు చోట్ల ఆడిస్తాను. నేను నోరు విప్పకుండా ఒక్కచోటైనా ఆట మొదటి నుంచి చివరిదాకా సరిగ్గా నడిస్తే, అడిగినవాళ్ళందరికీ ఇస్తాను. నడవకపోతే పెట్టె మూసి అటక మీద పెడతాను. నిజం చెప్పాలంటే రెండోది జరిగినా నాకు బాధ లేదనిపించింది. అప్పుడు ఆట నా దగ్గరే ఉంటుంది.

సికింద్రాబాద్ దాటాక

రైల్లో ఎదురుగా కూర్చున్న నిజామాబాద్ ఆవిడ పెట్టెలో ఏముందని అడిగింది. మూత తీసి చూపించాను. చాలాసేపు వంగి చూసి, "అరె, మూతులు గూడ పెట్టిండ్రు" అంది. తర్వాత, "గింత చిన్నగ చేసిండ్రంటె కండ్లు పోతయి గదమ్మా" అంది. మురళి కళ్ళజోడు చాలా మందంగా ఉండేదని చెప్పాను. ఆవిడ డబ్బా విప్పి సర్వపిండి ముక్క ఇచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నె అడుగున వత్తి కాలుస్తారు. మా వైపు తపేలంటు చేస్తారు గానీ అది మెత్తగా ఉంటుంది. ఇది పళ్ళకు పని చెబుతుంది.

కోతలు అయిన రోజులు. రైలు నుంచి చూస్తే రోడ్ల మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా దగ్గర కళ్ళంలోనో, మిల్లు దగ్గరో ఆరబోస్తారు. ఇక్కడ రోడ్డులో సగం వడ్లకు వదిలేసి మిగతా సగంలో మనుషులు సర్దుకుంటున్నారు. హారన్ కొట్టేవాళ్ళు కూడా లేరు.

కామారెడ్డి: ఫ్లెక్సీ షాపు పైన

నరేందర్‌ది ఫ్లెక్సీలు కొట్టే షాపు. బొమ్మ సిపాయిలకు రంగులు వేసేవాళ్ళ ఫోన్ గ్రూపులో మురళికి పరిచయం. ఇద్దరూ ఎప్పుడూ కలవలేదు. "మీ ఆట పట్టుకుని రాండ్రి, ఆడి చూస్తం" అని పిలిచాడట. మురళి వెళ్ళలేకపోయాడు.

స్టేషన్ బయట నరేందర్ బండి మీద ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, సన్నగా ఉంటాడు. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియక, "అక్కా, చాయ్ తాగుదాం" అన్నాడు. నేను కాఫీ మనిషిని. పది రూపాయల చాయ్ అక్కడ చిక్కగా, తీపిగా ఉంది. రెండో రోజుకు అలవాటైంది.

షాపు పైన గదిలో ఒక బల్ల. రెండో ఆటగాడు సాయన్న, చెరకు రైతు. నరేందర్‌కు చిన్నప్పటి నుంచి దోస్తు. వస్తూ వస్తూ కాగితంలో చుట్టిన బెల్లం ముద్ద తెచ్చాడు. మా కొట్లలో దొరికే పచ్చటి బెల్లం కాదు, నల్లటిది. "చూడనీకి మంచిగుండది, తిననీకి మంచిగుంటది" అన్నాడు. తర్వాత పెట్టెలోకి చూసి, "ఏందిరా నరీ, చీమల కొట్లాటకు పిలిచినవా?" అన్నాడు.

నేను పద్ధతి చెప్పి, లవంగం పెట్టుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను.

నరేందర్ పైకి చదివాడు. "కాల్బలం ఒక వంతుకు రెండు బెత్తెలు నడుస్తుంది. గుర్రపు దళం నాలుగు బెత్తెలు. వంతెన మీద ఎవరికైనా ఒకటే."

బెత్తె అంటే నాలుగు వేళ్ళు పక్కపక్కన ఆనించినప్పుడు వచ్చే వెడల్పు. ఇది ఇద్దరికీ తెలుసు. సాయన్న ఏమీ ఆలోచించకుండా తన కుడిచెయ్యి గుడ్డ మీద వేసి, నాలుగుసార్లు కొలిచి, గుర్రాలను జరిపాడు.

పెట్టెలో ఒక వెదురు పుల్ల ఉంది. మురళి తన చేతి నాలుగు వేళ్ళ వెడల్పుకు కోసి నునుపు చేసిన పుల్ల. కొలవాల్సింది దానితో. పుస్తకంలో ఆ సంగతి లేదు. వాడికి బెత్తె అంటే వాడి చెయ్యే కాబట్టి రాయాలని తోచి ఉండదు. వాడి నియమాలను టైపు చేసింది నేను. నాకూ తోచలేదు. నరేందర్ ఆ పుల్ల తీసి చూసి, సిపాయిలు చేతికి అంటకుండా జరపడానికి ఇచ్చారనుకున్నాడు. ఆటంతా దానితో పట్టీలను నెట్టాడు.

సాయన్న చెరకు నరికే మనిషి. అరచెయ్యి చేటంత ఉంటుంది. నరేందర్ వేళ్ళు పెన్నుల్లా ఉంటాయి. సాయన్న ఎర్రకోట్ల గుర్రాలు ఏటి దగ్గరికి వచ్చేసరికి నరేందర్ నీలం కోట్లు ఊరు కూడా దాటలేదు.

"ఆగరా సాయన్నా. నాలుగు బెత్తెలకు గంత దూరం ఎట్ల పోతయి?"

"కొలిచిన గదరా."

"నీ చెయ్యి చూస్కో, దోసెల పెనం లెక్కుంది."

"నా చెయ్యి నాది. పుస్తకంల బెత్తె అని రాసుంది. నీ బెత్తె అని రాసిందా?"

"మరి నీ బెత్తె అని రాసిందా?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను కిటికీలోంచి రోడ్డు చూశాను. లవంగం కొరికేశాను, నాలుక మండింది.

నీలం కోట్లు వంతెన చేరకముందే సాయన్న ఊరు పట్టుకున్నాడు. చాయ్ చల్లారకముందే ఆట అయిపోయింది. సాయన్న గెలిచి కూడా సంతోషపడలేదు. కండువాతో మెడ తుడుచుకుని, "ఇది నేను గెలిచినట్టు గాదు" అన్నాడు.

నరేందర్ చాలా మర్యాదగా చెప్పాడు. "అక్కా, ఏమనుకోకుండ్రి. బొమ్మలు మస్తున్నయి. కానీ గిట్లయితే పెద్ద చెయ్యి ఉన్నోడే గెలుస్తడు."

అప్పుడు అతని చేతిలో ఉన్న పుల్ల ఏమిటో చెప్పాను. నరేందర్ దాన్ని రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. పుల్లతో నెట్టినందుకు తప్పు చేశాననుకున్నాడేమో. అతని తప్పేమీ లేదు.

"ఒక్క ముక్క రాస్తె అయిపాయె గదక్కా," అన్నాడు సాయన్న. "కొలత ఈ పుల్ల అని."

రాశాను. బెత్తెలన్న చోట కిందే పెన్నుతో, "పెట్టెలో ఉన్న వెదురు పుల్ల పొడవే ఒక బెత్తె" అని. మురళి రాసిన పుస్తకంలో నా చేతిరాత అదే మొదటిసారి. ఆ రాత్రి లాడ్జిలో దాన్ని కొట్టేద్దామా అని ఒకసారి అనుకున్నాను. రెండో చోటు, ఎల్లారెడ్డి కూడా చూసి నిర్ణయించుకోవచ్చని పడుకున్నాను.

లింగంపేట మీదుగా

ఎల్లారెడ్డిలో నరేందర్ చెల్లెలు లత ఉంటుంది. ఆమె, ఆమె అత్త రాజవ్వ బీడీలు చేస్తారు. లత భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. "వాళ్ళింట్ల పచ్చీసు మస్తు ఆడుతరు," అని నరేందర్ చెప్పాడు. "నెపోలియన్ ఎవడో తెల్వది. గట్లాంటోళ్ళే గద మీకు కావాల్సింది?" షాపులో పని ఉండి తను రాలేదు.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న డోంగ్లి దాకా వెళ్ళాలట. తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవాడు. నాకు సగమే తెలిసింది, ఆయనకు ఆ సంగతి పట్టలేదు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు మిర్చి పొట్లం కొని సగం నా ఒళ్ళో పెట్టాడు. మా వైపు తెలియని ఆడమనిషికి మగవాళ్ళు అలా ఏదీ ఇవ్వరు. ఇక్కడ ఇవ్వకపోతే తప్పులా ఉంది. తర్వాత రెండు వైపులా అడవి వచ్చింది. ఆయన నిద్రపోయాడు.

ఎల్లారెడ్డి: రాజవ్వ వాకిలి

వీధిలో చాలా ఇళ్ళ ముందు ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు ఆగవు. గాలిలో తంబాకు ఘాటుకు నాకు తుమ్ములు వచ్చాయి. రాజవ్వ నవ్వి, "రెండు దినాలుంటె అలవాటైతది" అంది. డెబ్భై ఏళ్ళు ఉంటాయి. నన్ను మొదటి మాట నుంచే బిడ్డా అంది. నాకు యాభై ఎనిమిది. ఆ పిలుపు విని చాలా కాలమైంది.

ముందు తిండి. జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు. మాకు పులుసంటే పొయ్యి మీద మరగాలి. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి పోపు వేస్తే అయిపోయింది. మురళికి ఇది నచ్చేది. మరగబెట్టే ఓపిక వాడికి ఉండేది కాదు.

ఆట బల్ల మీద కాదు, నేల మీద చాప వేసి. పెట్టె విప్పి చూస్తే పుల్ల లేదు. సంచీ అంతా దులిపాను. నరేందర్‌కు ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా, పుల్ల నా బల్ల మీదనే ఉన్నది. పరేషాన్ కాకుండ్రి, పొద్దుగాల బస్సుల పంపిస్త."

పుల్ల లేకుండా పరీక్ష ఎలా అని లేవబోయాను. మర్నాటి దాకా ఆగుదామా అని అడిగాను. రాజవ్వ ఒప్పుకోలేదు. రేపు ఆమె బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాలి. "నువ్వు నోరు మూస్కోని కూసునుడే గద నీ పని. కూసో" అంది.

లవంగం పెట్టుకుని కూర్చున్నాను. రాజవ్వ నా బుగ్గ చూసి, "పంటినొప్పా బిడ్డా?" అంది. తల అడ్డంగా ఊపాను.

లత చదివింది. "కాల్బలం ఒక వంతుకు రెండు బెత్తెలు." కింద నా చేతిరాత కూడా చదివింది. "పెట్టెలో ఉన్న వెదురు పుల్ల పొడవే ఒక బెత్తె. అత్తమ్మా, పుల్ల లేదు గద."

"చేతితోని కొలువు."

"నీ చెయ్యి వేరే, నా చెయ్యి వేరే. తర్వాత నువ్వే లొల్లి పెడతవు."

"నేనెప్పుడు లొల్లి పెట్టిన?"

"పచ్చీసుల పెట్టవా? గవ్వలు బోర్ల పడ్డయని మళ్ళ వేస్తవు."

రాజవ్వ చేటలోంచి ఒక ఇనుప రేకు తీసి చాప మీద పడేసింది. తునికాకు మీద దీన్ని పెట్టి చుట్టూ కత్తెరతో కోస్తారు. ఆకులన్నీ ఒకే కొలతకు వస్తాయి. లేకపోతే కార్ఖానాలో తీసేస్తారు. "ఇగో. ఇదైతె నీకూ నాకూ ఒక్కటే. పొడుగు దిక్కు కొలువు."

నేను ఆపాలనుకున్నాను. అది వాడి కొలత కాదు. లవంగాన్ని నాలుక మీద అటు నుంచి ఇటు తిప్పాను. నోరు విప్పితే పరీక్ష అక్కడితో చెడుతుంది. విప్పలేదు.

ఆడుతూనే ఇద్దరూ బీడీలు చుట్టారు. ఒకరి వంతు నడుస్తున్నప్పుడు ఇంకొకరు రెండో మూడో చుట్టేసేవారు. రాజవ్వకు ఎర్రకోట్లు. ఆమె ముందు అడిగింది, "వీళ్ళకు బువ్వ ఎవరు వండుతరు?" అని. లత పుస్తకం తిప్పి, నాలుగో పేజీలో సామాన్ల బండి సంగతి చదివింది. బండిలో తిండి కొన్ని వంతులకే వస్తుంది, అయిపోయేలోగా ఊరు చేరకపోతే దళం బలం తగ్గుతుంది. రాజవ్వ తల ఊపి, "రాసినాయనకు సంసారం తెలుసు" అంది. మురళి పెళ్ళి చేసుకోలేదు. ఆ మాట చెప్పడానికి కూడా నోరు విప్పకూడదు.

రేకు, వాడి బెత్తె కంటే కొంచెం పొట్టిదై ఉండాలి. గుర్రాలు ఒక్క ఉరుకున ఏటి దగ్గరికి రాలేదు. రెండు పక్షాలూ వంతెనకు ఇటూ అటూ ఇంచుమించు ఒకేసారి చేరాయి. వంతెన మీద వంతుకు ఒకటే రేకు. ఎవరు ముందు ఎక్కితే వాళ్ళ మీద అవతలి ఫిరంగి పేలుతుంది. మురళి నాకు ఎన్నోసార్లు చెప్పింది ఇదే. ఆటంతా ఆ వంతెన దగ్గర ఎవరు ఆగగలరన్నదాని మీద ఉండాలి అనేవాడు. వాడు నాతో ఆడినప్పుడు అది అలా జరగడం నేను చూడలేదు. నేను సరిగా ఆడకపోవడం వల్లనుకున్నాను.

లత చుట్టడం ఆపింది. కాసేపు గుడ్డ చూసింది.

"ఏమాయె, నిద్రపోయినవా?" అంది రాజవ్వ.

"ఆగు అత్తమ్మా. నువ్వు ఎక్కుతవని చూస్తున్న."

"నేనెందుకు ఎక్కుత? నాకేం తొందర?"

"నీ బండిల తిండి అయిపోవొచ్చింది. ఇంకో వంతు ఆగితె నీ వాళ్ళు ఉపాసముంటరు."

రాజవ్వ బండి వైపు చూసింది. నిజమే. ఎక్కక తప్పలేదు. రెండు దళాలు పోయాయి, మూడోది వంతెన దాటింది. లత ఊరి కోసం పట్టుబట్టి ఉంటే ఫిరంగి పోయేది. ఆమె ఊరు వదిలేసి ఫిరంగిని గట్టు వెనక్కి లాక్కుంది. రాజవ్వ ఊరు పట్టుకుంది గానీ అందులో నిలబడటానికి ఒకే ఒక పట్టీ మిగిలింది. లత పుస్తకం చివరి పేజీ చదివి లెక్క చూసింది: ఊరు పట్టినవాళ్ళకు అందులో కనీసం రెండు పట్టీలు మిగలకపోతే గెలుపు అవతలివాళ్ళది. గెలిచింది లత.

"ఊరు నా కాడుంటె నువ్వెట్ల గెలిచినవు?"

"మనుషులు నా కాడున్నరు గద."

"పుస్తకంల గట్లున్నదా?"

"ఉన్నది. చదవాల్నా?"

"చదువు."

లత చదివింది. రాజవ్వ విని, చేటలోని తంబాకు దులిపి, "సరే, ఇంకోటి ఎయ్యి" అంది.

ఆట మొదటి నుంచి చివరిదాకా ఇద్దరిలో ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు. నేను పెరట్లోకి వెళ్ళి లవంగం ఉమ్మేసి, కాసేపు అక్కడే నిలబడ్డాను. వాడి ఆట నడిచింది. వాడి చెయ్యి లేకుండా నడిచింది. రెండూ ఒకే పూట తెలిశాయి.

బస్టాండులో పుల్ల

పొద్దున్నే కామారెడ్డి బస్సు కండక్టర్ జేబులోంచి కాగితంలో చుట్టిన పుల్ల తీసి ఇచ్చాడు. ఇక్కడ మందులైనా, తాళంచెవులైనా అలాగే వస్తాయట. "ఇది గంత ముఖ్యమా మేడమ్? నరేందరన్న నాలుగుసార్లు ఫోన్ చేసిండు," అన్నాడు. ముఖ్యమే అన్నాను. డబ్బులు తీసుకోలేదు.

రాజవ్వ ఇంటికి తెచ్చి రేకు పక్కన పెట్టాను. సమానంగా ఉంటుందని ఏ మూలో ఆశ ఉన్నట్టుంది. లేదు. రేకు కంటే పుల్ల గోరంత ఎక్కువ పొడుగు.

కార్ఖానాకు తయారవుతున్న రాజవ్వ వచ్చి చూసింది. "గిదేనా?"

"ఇదే."

"ఎవరి చెయ్యి?"

"మా తమ్ముడిది."

ఆమె కూర్చుని తన నాలుగు వేళ్ళు పుల్ల మీద ఆనించింది. బీడీలు చుట్టీ చుట్టీ వేలికొసలు నున్నగా అయిన చెయ్యి. పుల్ల ఇంకా కొంచెం మిగిలింది. "నిండు చెయ్యే" అంది.

"పుల్లతో ఆడితే గుర్రాలు తొందరగా వస్తాయి, అవ్వా. నిన్న మీరు ఆడినట్టు రాదు. కానీ వాడు దీంతోనే కొలిచాడు."

రాజవ్వ బీడీ కట్టలు సంచీలో సర్దింది. తర్వాత చేట కింద వెతికి ఇంకో రేకు తీసింది. మూల అరిగిపోయిన పాతది.

"ఇది మాకు పనికిరాదు, ఆకు మూల సరిగ్గ రాదు. పొడుగైతె సక్కగనే ఉన్నది. చెయ్యి ఇంట్ల పెట్టుకో బిడ్డా. రేకు ఆటల పెట్టు."

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. లత నాకు దారిలో తినమని రొట్టెలు కట్టింది.

తిరిగి వచ్చాక

కామారెడ్డిలో దిగి రేకు నరేందర్‌కు చూపించాను. బోర్డులు కోసే మిషన్ మీద అదే పొడవుకు ప్లాస్టిక్ ముక్కలు కోశాడు. వాటికి ఏం పేరు పెడదామన్నాడు. రేకు అనే ఉండనిమ్మని, ఆ మాట ప్రతి ముక్క మీదా చెక్కమన్నాను. పుస్తకంలో బెత్తె అన్న చోటల్లా కొట్టేసి రేకు అని రాశాను. నేను చేర్చిన వాక్యం కూడా కొట్టేశాను, దాని అవసరం లేదు. మురళి సిపాయిలున్న పెట్టె నరేందర్ దగ్గరే వదిలాను. సాయన్న రెండో ఆటకు సిద్ధంగా ఉన్నాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని ఆడతానన్నాడు.

పుల్ల ఇంట్లో నా బల్ల మీద ఉంది. దానితో ఏమీ కొలవడం లేదు.

మొన్న మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బీర్కూర్ నుంచి ఎవరో, సాయన్న బంధువట. పెట్టె చేతులు మారి అక్కడిదాకా పోయింది. వెనక నాలుగైదు గొంతులు వాదించుకుంటున్నాయి.

"అక్కా, ఆట రాసింది మీ ఇంట్లవాళ్ళేనట గద. వంతెన మీద గుర్రాలు ఎంత పోవాలె? వీడు నాలుగంటున్నడు."

జవాబు నాలుక దాకా వచ్చింది.

"నేను చెప్పకూడదండీ," అన్నాను. "పుస్తకంలో చూడండి."

ఫోన్ కింద పెట్టిన చప్పుడు. కాగితాలు తిప్పారు. ఆ మనిషి, మురళిని ఎన్నడూ చూడని మనిషి, అందరికీ వినబడేలా గట్టిగా చదివాడు. "కాల్బలం ఒక వంతుకు రెండు రేకులు నడుస్తుంది. గుర్రపు దళం నాలుగు రేకులు. వంతెన మీద ఎవరికైనా ఒకటే."

"చెప్పిన గదరా, ఒకటే అని" అన్నారెవరో. మళ్ళీ ఆటలో పడ్డారు. నేను లైన్‌లో ఉన్న సంగతి మరిచిపోయారు. కాసేపు విని, నేనే పెట్టేశాను. రేకు అన్న ఒక్క మాట తప్ప, చదివినదంతా మురళి రాసిందే.